తెరిచి ఉంచిన మైకులు

కుక్కర్ ఇంకా కూయలేదు, అంటే గంటలో ఇంకా చాలానే మిగిలుందన్నమాట. ఎంత మిగిలిందో చెప్పే అంకెలు కంప్యూటర్ తెర మూలన ఉన్నాయి గానీ వాటివైపు చూడనని ఆమె పొద్దున లేస్తూనే ఒట్టు పెట్టుకుంది, అందుకని చూపును కిటికీ అవతల ఎదురింటి డాబా మీద ఆరేసిన నీలం దుప్పటికి అప్పగించి, వేళ్ళను మాత్రం కీబోర్డు మీద పరుగెత్తిస్తోంది, టకటక, టకటక, వినేవాళ్ళు ఈ పిల్లకు ఇవాళ పూనకం వచ్చినట్టుందే, ఎంత జోరుగా రాస్తోందీ అనుకోవాలి, అనుకోవడానికే ఆ టకటక. రాస్తున్నవి మాత్రం పళ్ళ రంగులు. పళ్ళకు రంగులేమిటని నవ్వనక్కర్లేదు, తెలుపులోనే పసుపు కలిసిన తెలుపు, బూడిద కలిసిన తెలుపు, ఎరుపు తగిలీ తగలని తెలుపు అని బోలెడున్నాయి, ఒక్కోదానికి ఒక్కో అక్షరం, పక్కన ఓ అంకె, కట్టుడు పళ్ళు చేసే ల్యాబులో కూర్చునే ఆమెకు నిద్రలో లేపి అడిగినా అవన్నీ నోటికొచ్చు, కాబట్టి ఏ టూ, ఏ త్రీ, బీ వన్, సీ టూ, మళ్ళీ ఏ టూ, తెర నిండా అవే. ఈ గంట అయిపోగానే రాసింది పైకి చదవాలి. ఇవాళ వంతు ఆమెదే.

స్పీకర్లోంచి గడియారం వినిపిస్తోంది, టిక్కుకీ టక్కుకీ మధ్య కాస్త కుంటుతూ, అది మాస్టారిది. దాని వెనకాల ముక్కుతో తీసే సన్నటి రాగం, ఏ పాటో పాడేవాడికే తెలియదు, అది గస్తీ అన్న. గిన్నె మీద గరిటె, కాసేపు కీబోర్డు, మళ్ళీ గిన్నె మీద గరిటె, అది కుక్కరక్క. వాళ్ళ ముఖాలు ఆమె ఎప్పుడూ చూడలేదు. వీధిలో ఎదురుపడితే పక్కనుంచి వెళ్ళిపోతుంది, అదే వెనకనుంచి తుమ్మితే మాత్రం ఎవరో చెప్పేస్తుంది. ఇంటర్నెట్‌లో ఓ మూల, నలుగురు రాసుకునేవాళ్ళు రోజూ ఓ గంట కలిసి కూర్చునే చోటు ఇది, గది అంటారు దాన్ని. ఇలాంటివి నెట్‌లో ఇంకా చాలా ఉన్నాయి, ఆమె ఈ గదికి రాకముందు రెండు మూడు చూసింది, అన్నిచోట్లా అడుగుపెట్టగానే మైకులు మూసుకోండి అనేవాళ్ళు, ఇక్కడొక్కచోటే మాస్టారు మొదటిరోజు చెప్పింది వేరు. మైకు తెరిచే ఉంచమ్మా, నీ ఇంట్లో ఏం వినపడితే అది మాకూ వినపడనీ, అన్నారు. ఆయన ఒకప్పుడు బడిలో డ్రాయింగ్ మాస్టారు. క్లాసంతా తలలు వంచుకుని పెన్సిళ్ళు గీస్తుంటే వచ్చే చప్పుడు ఉంటుందే, దానికోసం జీతం లేకపోయినా వచ్చేవాణ్ణి అంటారు, రిటైరయ్యాక ఆ చప్పుడు లేక ఇంట్లో కాలు కాలిన పిల్లిలా తిరిగి తిరిగి, చివరికి ఈ గది తెరిచారు. ఈ గదిలో నియమాలు కొన్నే. గంటలో మాట్లాడకూడదు. చెప్పనిది అడగకూడదు. నలుగురికి మించి కూర్చోకూడదు, మించితే ఎవరి చప్పుడు ఎవరిదో తెలియదు. ఇంకొకటుంది, రాయనివాళ్ళకు కుర్చీ లేదు. ఆ చివరిది ఆయన ఒకే ఒక్కసారి చెప్పారు, మొదటిరోజు, నవ్వుతూ. ఆ ఒక్కసారికే ఆమెకు ఈ ఏడాదంతా అది చెవిలో జోరీగలా మోగుతోంది.

ఏడాది. ఏడాదిపాటు తేలు కుట్టిన దొంగలా కూర్చుంది. వంతు వచ్చినప్పుడల్లా ఓ వంక, గొంతు పట్టేసిందనో, నెట్ సరిగా లేదనో, ఇంకా పచ్చిగా ఉంది వచ్చేసారి చదువుతాననో, గస్తీ అన్న వెంటనే అయితే నాది వినండి అని అందుకునేవాడు పాపం, దెయ్యాల కథలు రాస్తాడాయన, రాత్రంతా ఓ పెద్ద భవనానికి కాపలా కాసి, పొద్దెక్కినా వెలుతురు దూరని దాని సెల్లార్ గదిలోనే కూర్చుని రాస్తాడు, చీకటంటే చచ్చేంత భయం. తను రాసిన దెయ్యానికి తనే జడిసి టార్చి వేసుకుని కూర్చున్న రోజులున్నాయి, ఆ టార్చి మీట చప్పుడు వినపడగానే అందరూ నోటికి గుడ్డలు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు, నవ్వకూడదు కదా గంటలో. ఎంత నవ్వింది తను ఈ గదిలో. అసలు కథలు రాస్తానని ల్యాబులో ఎవరికైనా చెబితే పళ్ళికిలిస్తారు, పళ్ళు చేసేదానివి పళ్ళు చేసుకోక నీకెందుకే అంటారు, ఇక్కడ ఒక్కరూ అనలేదు. మొదటి కథ చదివినప్పుడు అందులో కథానాయకుడికి ముత్యాల్లాంటి పలువరుస పెట్టింది, ఎక్కడో చదివిన మాటే, చదువుతూ చదువుతూ మధ్యలో తనే ఆగిపోయి, ఆగండాగండి, ముత్యాల్లాంటి పళ్ళు ఎవరికీ ఉండవు, ఉన్నాయంటే అవి మేం చేసినవే, అంది. గదంతా ఘొల్లుమంది. మాస్టారు మాత్రం నవ్వలేదు. కొట్టెయ్యమ్మా, ఆ మాట ఇప్పుడే కొట్టెయ్యి, అన్నారు, అంత ఆనందంగా ఓ మాట కొట్టెయ్యమన్నవాళ్ళను ఆమె అంతకుముందు చూడలేదు. అప్పుడు కొట్టిన మీటే, బ్యాక్‌స్పేస్, పొడుగు మీట, దాంట్లో ల్యాబు నుంచి చేతులకు అంటుకొచ్చిన ప్లాస్టర్ పొడి ఎప్పుడు పడిందో ఏమో నొక్కినప్పుడల్లా కరకరమనేది. ఎలక దూరిందా అని కుక్కరక్క అడిగింది. ఎలక కాదు, నేనే చెరుపుతున్నాను అంటే, ఇంత చెరుపుతున్నావంటే నువ్వు రాసేదానివేనే అంది. అప్పట్నించి ఆమె పేరు కరకర. కన్నవాళ్ళు పెట్టిన పేరుకంటే అదే బావుందనిపించేది, ఎందుకంటే ఆ పేరు ఆమె పని చూసి పెట్టింది.

కొత్త కీబోర్డు కొనుక్కోవే, ఆ గోల వినలేక చస్తున్నాను, అనేది పిన్ని. పిన్ని మాటలకేం, ఆవిడకు ఆ గోలంటేనే ఇష్టం. అమ్మ పోయాక ఆమెను చంకనేసుకుని పెంచింది పిన్నే, ఇద్దరే ఉండేవాళ్ళు ఈ రెండు గదుల ఇంట్లో, పొద్దున్నే ఈ గంట మొదలవగానే ఆవిడ చెప్పులీడ్చుకుంటూ వచ్చి వెనక స్టూలు మీద కూర్చునేది, మొదలైందా నీ టకటకల సంఘం, అని. గంటలో మాట్లాడకూడదు పిన్నీ అంటే, నేనేం మాట్లాడాను, ఊరికే కూర్చున్నాను కదా, అని అది కూడా గట్టిగానే అనేది. గస్తీ అన్న రాగం మొదటిసారి విన్నరోజున, ఎవరే ఆ మూలుగుతున్నదీ, ఒంట్లో బాగాలేదేమో కనుక్కో, అంది, అవతల రాగం టక్కున ఆగిపోయింది, మళ్ళీ వారం దాకా ఆయన నోరెత్తితే ఒట్టు. కుక్కరక్కకు అక్కడ సాయంత్రం, ఇక్కడ మనకు పొద్దున, ఆవిడ ఆసుపత్రిలో నర్సు, డ్యూటీ దిగి ఇంటికొచ్చి ఒక చేత్తో వంటా ఒక చేత్తో ప్రేమకథా నడిపిస్తుంది, కథలో ఇద్దరూ ఏ వానలోనో నిలబడి చెయ్యి పట్టుకునే వేళకు ఇవతల పొయ్యి మీద సంగతి మర్చిపోతుంది. ఓరోజు అలాగే మర్చిపోతే స్టూలు మీంచి పిన్ని అరిచింది, అమ్మాయ్, మూడో విజిల్! దించు! అని. ఎక్కడో సముద్రాలవతల ఒక కుర్చీ దభీమని పడింది, పరుగెత్తిన అడుగులు, స్టవ్ ఆపిన చప్పుడు, ఆ తర్వాత, దించానండీ పిన్నిగారూ, అని బడిపిల్ల చెప్పినట్టు. ఆ రోజుతో పిన్నికి ఈ గదిలో ఉద్యోగం దొరికింది. మిగతా లోకమంతా ఏమైపోయినా ఫర్వాలేదు, మూడో విజిల్ మాత్రం ఆవిడదే.

గరిటె చప్పుడు ఆగింది. మూత బిగించే చప్పుడు. పెట్టేసింది కుక్కర్, అంటే గంట చివరికొస్తోంది, కుక్కరక్క ఎప్పుడూ గంటలో పావు వంతు మిగిలినప్పుడే పెడుతుంది. ఇంకాస్త జోరు పెంచింది, ఏ త్రీ, ఏ త్రీ, బీ టూ, చెమట పడుతోందేమిటి ఇంత చల్లటి పొద్దున, లేచి ఫ్యాను వేస్తే ఆ చప్పుడూ వాళ్ళకు వినపడుతుంది, ఇప్పుడెందుకు లేచిందీ అనుకుంటారు, వద్దు. పోయినవారం మాస్టారు అన్న మాట మళ్ళీ బుర్రలో తిరిగింది, కొత్తగా ఒకావిడ అడుగుతోంది గదిలోకి వస్తానని, కరకర వంతు అయ్యాక ఆ సంగతి మాట్లాడుకుందాం, అన్నారు. కరకర వంతు అయ్యాకే ఎందుకు? కుర్చీలు నాలుగే. ఐదోది వెయ్యరు. మరి కొత్తావిడ వస్తే లేవాల్సింది ఎవరు? ఇది అర్థం కావడానికి పెద్ద చదువులేం అక్కర్లేదు. మాస్టారు మంచివాడు కాబట్టి మొహం మీద చెప్పలేక ఆమె వంతు దాకా ఆగారు, చదవమంటారు, చదవడానికేమీ ఉండదు, అప్పుడు ఆయనేమీ అనక్కర్లేకుండానే అయిపోతుంది. రేపటినుంచి ఈ వేళకు ఈ ఇంట్లో ఏం వినపడుతుంది? కుళాయి చుక్కలు. పక్కింటివాళ్ళ మిక్సీ. మాస్టారి గడియారం లేకుండా పళ్ళు తోముకోవడం, గస్తీ అన్న రాగం లేకుండా కాఫీ తాగడం, ఆ తర్వాత బస్సెక్కి ల్యాబుకు పోయి ఎవరివో తెలియని దవడల అచ్చుల మధ్య సాయంత్రం దాకా కూర్చోవడం. రాయలేకపోయినందుకు అంత బాధ లేదు ఆమెకు, రాయకపోతే లోకానికేం కొరత, కానీ వీళ్ళు లేకుండా తెల్లవారితే ఎలా?

మొదటి విజిల్ వచ్చింది. ఒకటి, అంది ఆమె లోపల పిన్ని గొంతు.

పిన్నికి ముందు పళ్ళు పోయి చాలా ఏళ్ళే అయింది. నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకునేది, మాట్లాడుతున్నా చెయ్యి నోటిదగ్గరే తచ్చాడేది, నేను చేస్తాను రా పిన్నీ అంటే, ఎందుకే ఈ వయసులో సింగారం, అని ఏళ్ళు గడిపేసింది, చివరికో రోజు బతిమాలి బామాలి కుర్చీలో కూర్చోబెట్టి అచ్చు తీయించింది. ఎన్ని వందలమందికో చేసింది గానీ ఆ ఒక్క సెట్టుకే ఆమె తల ప్రాణం తోకకొచ్చింది. మైనంలో వరసగా పేర్చింది, ముచ్చటగా ఉన్నాయి, చూస్తే పిన్ని కాదు, ఎవరో బ్యాంకు క్యాలెండరు మీది మనిషి. అన్నీ తీసేసి మళ్ళీ పేర్చింది. మళ్ళీ అదే. ఇంటికొచ్చి బీరువా అడుగున పిన్ని పడుచుదనం నాటి ఫొటో వెతికి తీసింది, అందులో పిన్ని తల వెనక్కి వేసి నవ్వుతోంది, చెయ్యి అడ్డం లేదు, ముందు పన్ను ఒకటి పక్కదాని మీదికి కాస్త ఎక్కి ఉంది. మర్నాడు ల్యాబులో మైనం వేడిచేసి, కత్తి మొనతో ఆ పన్నును తెచ్చి పక్కదాని మీదికి వంచి నిలబెట్టింది, వంచగానే పిన్ని వచ్చేసింది. ఓనర్ చూసి ముక్కు మీద వేలేసుకున్నాడు, వంకర పన్ను కావాలని పెట్టేవాళ్ళలో నిన్నొక్కదాన్నే చూశానమ్మా అని. పిన్ని మాత్రం అద్దంలో చూసుకుని ఇంతెత్తున లేచింది. దీన్ని దాచుకోలేక పెళ్ళిచూపుల్లో చచ్చానే, ఊడింది కదా పీడా పోయిందనుకుంటే మళ్ళీ తెచ్చి పెట్టావా, నీ పళ్ళతో నిన్నే కొరుకుతాను ఉండు! అని, అంటూ అంటూనే నవ్వింది, చేతులు రెండూ ఒళ్ళోనే ఉన్నాయి. ఆ నవ్వు ఆపకుండా కంప్యూటర్ దగ్గరికొచ్చి, పిల్లలూ, నాకు పళ్ళొచ్చాయి, అని మైకులో చెప్పింది. గస్తీ అన్న చప్పట్లు కొట్టాడు. తాళాలగుత్తి చేతిలోనే ఉండిపోయినట్టుంది, గుడి గంటలు మోగించినట్టు మోగింది.

ఆ పళ్ళు ఇప్పుడు వంటింటి అలమరలో గాజుగిన్నెలో ఉన్నాయి, నీళ్ళల్లో. పొడిగా వదిలేస్తే ఎండి ఆకారం తప్పుతాయి, అందుకని రోజూ పొద్దున ఆమె నీళ్ళు మారుస్తుంది, ఇవాళా మార్చింది, ఎవరు పెట్టుకుంటారని మారుస్తోందో ఆమెకే తెలియదు. పిన్ని పోయిన మూడోనాడు ఏం చెయ్యాలో తోచక ఆ వేళకు వచ్చి మైకు తెరిచి కూర్చుంది. పిన్ని పోయింది, అంది, రెండే ముక్కలు. అవతల ఎవరూ అయ్యో అనలేదు. ఎలా అని అడగలేదు, ఏ వయసు అని అడగలేదు, ఆ మాటలు అప్పటికే ఇరుగుపొరుగు నోళ్ళలో విని విని ఆమె చెవులు బొబ్బలెక్కి ఉన్నాయి. ఎవరూ రాయలేదు. మీట ఒక్కటి కూడా నొక్కలేదు గంటసేపూ. గరిటె లేదు, రాగం లేదు, తాళాలు లేవు, కాసేపటికి ఇంకేదో కూడా లేదనిపించి చెవులు రిక్కిస్తే గడియారం లేదు. మాస్టారు లోలకాన్ని చేత్తో పట్టుకుని నిలబడ్డారట గంటంతా, ఆ మాట ఆయన చెప్పలేదు, చాలా రోజుల తర్వాత గస్తీ అన్న చెప్పాడు, నేనేమో తాళాలు టోపీలో పెట్టి కూర్చున్నానమ్మా అని కూడా చెప్పాడు. ఆ గంటంతా నలుగురి ఊపిరే వినపడింది. ఆమె ఏడ్చింది, వెక్కివెక్కి, మైకు తెరిచే ఉంది, మూసెయ్యాలని తోచలేదు. ఈ పుట్టుకలో తనకు అంతకంటే పెద్ద సాయం ఎవరైనా చేశారా అంటే ఆమెకు ఇంకోటి గుర్తురాదు.

అంత చేసినవాళ్ళ దగ్గర మర్నాడు వచ్చి కూర్చుని, రాయలేకపోతున్నానని ఎలా చెప్పేది? తెర తెల్లగా ఉంది, వేళ్ళు మొద్దుబారాయి, అవతల ముగ్గురూ మెల్లగా మొదలుపెట్టారు, వాళ్ళ మీటలు తన మీటలకోసం ఎదురుచూస్తున్నట్టు అనిపించింది, అప్పుడు ఊరికే, వాళ్ళు బెంగపడకుండా ఉండాలని, నోటికొచ్చిన పళ్ళ రంగులు కొట్టింది. అమ్మయ్య అన్నట్టు కుక్కరక్క గిన్నె మీద గరిటె తిప్పింది. ఒక్కరోజుకే అనుకుంది. రేపు రాద్దాంలే అనుకుంది. రేపు రేపు అంటూ ఏడాది.

రెండో విజిల్. రెండు, అంది పిన్ని.

ఇక లాభం లేదు. అబద్ధం చదవడం తనవల్ల కాదు, పాత కథేదో తీసి కొత్తదని చదివితే మాస్టారు మొదటి వాక్యానికే పట్టేస్తారు, పట్టకపోయినా అది ఆయన్ని అవమానించడమే. చెప్పేస్తుంది. మర్యాదగా తనే లేచి కుర్చీ ఆ కొత్తావిడకు అప్పగిస్తుంది, పొమ్మనే బాధ ఆయనకు పెట్టకుండా. కానీ గొంతు సహకరించదని తెలుసు, అందుకని నాలుగు ముక్కలు రాసి పెట్టుకుంటే చూసి చదవొచ్చు. పళ్ళ రంగుల కింద కొత్త లైను మొదలుపెట్టింది. నేను ఏడాదిగా ఏమీ రాయడం లేదు, అని కొట్టింది. బాగానే ఉంది, నిజమే. మీరు వింటున్నదంతా ఉత్త చప్పుడు, అని కొట్టింది. అదీ నిజమే. ఇప్పుడు వీళ్ళు తనకోసం చేసిందానికి ఒక్కమాట చెప్పాలి కదా, చెప్పకుండా పోతే మనిషే కాదు, ఏమని చెప్పాలి, వేళ్ళు వాటంతటవే కొట్టుకుపోయాయి, ఈ సందర్భంగా మీ అందరికీ నా హృదయపూర్వక ధన్యవాదాలు తెలియజేసుకుంటున్నాను, అని. కొట్టి, తలెత్తి చూసింది. చూడగానే ఒళ్ళు మండింది. ఏమిటిది, సన్మాన సభా? ఆఫీసు నోటీసా? లోలకాన్ని గంటసేపు చేత్తో పట్టుకుని నిలబడిన మనిషికి చెప్పే మాటా ఇది? పిన్ని ఉంటే ఎవరే చచ్చిందీ అని అడిగేది. ఛీ, అనుకుంది, అనుకుంటూనే చిటికెనవేలు పోయి పొడుగు మీట మీద పడింది.

కరకర, కరకర, కరకర, మాట వెనక మాట, తెలియజేసుకుంటున్నాను పోయింది, ధన్యవాదాలు పోయాయి, హృదయపూర్వక దగ్గర మీట పట్టేస్తే గట్టిగా నొక్కింది, అది ఇంకా గట్టిగా కరకరమంది. సందర్భం కూడా పోయాక గాని ఆమెకు తెలియలేదు, అవతల చప్పుళ్ళన్నీ ఆగిపోయాయని. మీటల్లేవు. రాగం సగంలో తెగిపోయింది. గడియారం ఒక్కటే కుంటుతోంది.

"మాస్టారూ," అంది కుక్కరక్క, గుసగుసగా. "విన్నారా?"

"నేను విన్నా, నేను విన్నా," అన్నాడు గస్తీ అన్న.

"గంటలో మాట్లాడకూడదని ఎన్నిసార్లు చెప్పాలి మీకు," అన్నారు మాస్టారు, కానీ ఆ కోపానికి గొంతులో బలం లేదు. ముక్కు చీదుకున్న చప్పుడు. "విన్నానమ్మా."

"ఏం విన్నారు?" అంది ఆమె.

"నీ కరకరే పిల్లా!" అంది కుక్కరక్క. "ఏడాదైంది ఆ చప్పుడు వినపడి."

ఆమె చెయ్యి పొడుగు మీట మీద అలాగే ఉంది. ఏడాది. పళ్ళ రంగులు చెరిపేదేముంది? ఏ టూ తప్పైతే ఏమిటి, బీ వన్ ఒప్పైతే ఏమిటి? టకటకలాడించింది గాని ఒక్కసారైనా వెనక్కి పోలేదు, మూడొందల పొద్దులకు పైగా చెరపకుండా రాసిన రచయిత్రి, వాళ్ళేమో ఆమెకు ఆ మీట పేరే పెట్టి రోజూ పిలుస్తున్నవాళ్ళు. ఏ ముఖం పెట్టుకుని దాగుడుమూతలు ఆడింది ఇన్నాళ్ళూ. నాలుక్కరుచుకుంది, సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"అయితే మీకు మొదట్నించీ తెలుసా, నేను రాయట్లేదని?"

"ఒక్క మాట కూడా కొట్టెయ్యకుండా ఎవరమ్మా రాసేది?" అన్నాడు గస్తీ అన్న. "నా దెయ్యాలే రోజుకు పదిసార్లు చచ్చి పుడతాయి."

"మరి ఒక్కరైనా అడగలేదే!"

"నువ్వు చెప్పలేదు కదమ్మా," అన్నారు మాస్టారు. "చెప్పనిది అడగకూడదు కదా ఇక్కడ."

"రాయనివాళ్ళకు కుర్చీ లేదన్నారు కదా మీరే."

"అన్నాను. నియమం పెట్టింది నేనే, మింగింది కూడా నేనే. నువ్వు రాకపోతే పిన్నిగారి స్టూలున్న ఆ ఇంట్లోంచి ఏం వినాలి మేము?" గడియారం రెండు మూడుసార్లు కుంటింది. "ఆ కొత్తావిడ సంగతి కూడా చెప్పేస్తానిప్పుడే, ఎలాగూ అందరూ నోళ్ళు తెరిచారు. ఆవిడా బాగా రాసే మనిషేనట. ఇప్పుడు రాయలేకపోతోందట. ఏమీ రాయకుండా ఊరికే వచ్చి మీ దగ్గర కూర్చోవచ్చా అని అడిగింది. నాకేం చెప్పాలో తెలియలేదు, అదెలా చెయ్యాలో మనలో నీకొక్కదానికే కదమ్మా తెలుసు. ఐదో కుర్చీ వేద్దాం, నీ పక్కన. నువ్వు సరేనంటే."

ఆమె సరే అనబోయింది, వచ్చింది ఏడుపే, కానీ అది ఏడాది కిందటి ఏడుపు కాదు, దీంట్లో ఊపిరాడుతోంది. ఇంత ప్రేమ చూపించినవాళ్ళు ఆ ప్రేమ కంటపడకుండా రోజూ గరిటె తిప్పుకుంటూ, తాళాలు ఆడించుకుంటూ కూర్చున్నారు, తను మోసం చేస్తున్నాననుకుంటే వాళ్ళు తనను మోస్తున్నారు. అవతల కుక్కరక్క కూడా ముక్కెగబీలుస్తోంది, గస్తీ అన్న ఎందుకో టార్చి వేసి ఆర్పాడు. ఆ వెనకాల ఎక్కడో ఆవిరి సన్నగా మొదలై, బిగుసుకుని, ఇంటినంతా లేపేటట్టు కూసింది, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, పట్టించుకునే మనిషి లేదు కదా, ఏడాదిగా కుక్కరక్క ఇంట్లో ఎన్ని అడుగంటాయో.

"అక్కా!" అంది ఆమె, గట్టిగా, స్టూలు మీంచి అరిచినంత గట్టిగా. "మూడో విజిల్! దించు!"

కుర్చీ దభీమని పడింది. అడుగులు. స్టవ్ ఆపిన చప్పుడు. తర్వాత, "దించానండీ," అని చిన్న గొంతుతో.

"సరే, గంట ఇంకా కాస్త ఉంది," అన్నారు మాస్టారు. "రాసుకోండి అందరూ."

మీటలు మళ్ళీ మొదలయ్యాయి, ఒక్కొక్కటిగా. ఆమె పళ్ళ రంగులన్నీ ఒకేసారి తుడిచేసింది. ఎదురింటి డాబా మీద ఎవరో వచ్చి నీలం దుప్పటి తీసి మడతపెట్టుకుంటున్నారు. ఓ మాట కొట్టింది, చెరిపింది, ఇంకోటి కొట్టింది, చెరిపింది, కరకరమన్నప్పుడల్లా అవతల ఎవరో ఒకరు నవ్వు ఆపుకుంటున్నట్టు తెలుస్తోంది, తెలిసినా ఆగలేదు. గంట అయిపోయింది.

"కరకర వంతు," అన్నారు మాస్టారు.

"రెండు వాక్యాలే ఉన్నాయి మాస్టారూ."

"చాలమ్మా. చదువు."

ఆమె గొంతు సవరించుకుంది. అవతల గడియారం కుంటుతోంది, తాళాలు నిశ్శబ్దంగా ఉన్నాయి, మూత తియ్యని కుక్కర్ మెల్లగా ఊపిరి వదులుతోంది.

"మా పిన్ని ముందు పన్ను కాస్త వంకర," అని చదివింది. "ఆ వంకర పెట్టింది నేనే."